ఉబ్బసరోగికి ఇన్‌ఫ్లుయెంజా సోకినపుడు ఊపిరితిత్తులలో ఏమి జరుగును?

వానకాలము ప్రవేశించినతోడనే పాఠశాల తరగతులలో రెండు ధ్వనులు తఱచుగా వినవచ్చును. మొదటిది తుమ్ము, రెండవది పిల్లికూత. తుమ్మువానికి జ్వరము తగిలినదందుము. పిల్లికూతలు కూయువానికి ఉబ్బసమందుము. ఈ రెండును వేర్వేఱు రోగములే యైనను, మొదటిది రెండవదానిమీఁద వచ్చి పడినపుడు సామాన్యమైన జ్వరము ప్రాణాపాయముగా మాఱుట కలదు. అది యెట్లు జరుగునో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియఁజెప్పుట యీ వ్యాసోద్దేశము. వైద్యము చెప్పుట మా పని కాదు. శరీరశాస్త్రపాఠములోని నాలుగు మాటలను మన యూరి స్థితికి అన్వయించి చూపుటయే మేము చేయఁగలది.

ఈ సంబంధము మన పూర్వులకు బొత్తిగా తెలియనిది కాదు. చరకసంహితలో శ్వాసరోగములు అయిదు విధములుగా విభజింపఁబడినవి. అందు తమకశ్వాస మనునది మన ఉబ్బసమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది. ముందు పడిసెము పట్టుననియు, పిమ్మట గొంతులో గురగుర శబ్దము పుట్టుననియు, రోగి పండుకొనినచో బాధ హెచ్చి కూర్చున్నచో కొంత సుఖము పొందుననియు అందు వర్ణింపఁబడినది. మబ్బు పట్టినపుడును, చలి వేసినపుడును, తూర్పుగాలి వీచినపుడును ఇది ముదురునట. తూర్పున సముద్రము గల విశాఖపట్టణవాసులు ఈ మాటను చదివి కొంత యాలోచింపక మానరు. అంతకంటె విశేషమేమనఁగా, ఈ తమకశ్వాసకు జ్వరమును, మూర్ఛయు తోడైనపుడు దానికి ప్రతమక మను ప్రత్యేకనామమును ఆ గ్రంథకర్త యిచ్చియున్నాఁడు. జ్వరముతోఁ గూడిన ఉబ్బసము వేఱొక తరగతికిఁ జెందినదని రెండువేల యేండ్లకు ఇటునటు కాలముననే గుర్తించిరన్న మాట. కారణము మాత్రము వారికిఁ గనఁబడలేదు. సూక్ష్మదర్శని లేని కాలమున కనఁబడుట సాధ్యమును గాదు.

ఇఁక ఊపిరితిత్తుల నిర్మాణమును చూతము. కంఠమునుండి దిగు గాలిగొట్టము రెండుగాఁ జీలి, ఆ రెండును మఱల చీలి, యిట్లు సుమారు 23 తరములు కొమ్మలు వేసి, తుదకు కోట్లకొలఁది చిన్న గాలితిత్తులలో ముగియును. తలక్రిందులుగా నాటిన మఱ్ఱిచెట్టును ఊహించుకొనినచో చాలును. ఈ గొట్టముల లోపలిగోడకు అతిసూక్ష్మమైన నూగు కలదు. ఈ నూగువెండ్రుకలు సెకనుకు పదిసార్లకుఁ బైగా కదలుచు, తమపైఁ బఱచుకొనియున్న పలుచని జిగురుపొరను పైకిఁ ద్రోయుచుండును. మనము పీల్చిన దుమ్మును, సూక్ష్మజీవులును ఆ జిగురునకు అంటుకొని కంఠమునకు ఎక్కివచ్చును. అనఁగా ఊపిరితిత్తులకు వాని పాకీపనివారు వానియందే యున్నారు. రాత్రింబవళ్లు పని మానరు.

గొట్టము ఇఱుకైనచో నేమగునో లెక్క వేసి చూడవచ్చును. నెమ్మదిగాఁ బారు వాయువునకుఁ గాని, ద్రవమునకుఁ గాని, గొట్టము కలిగించు నిరోధము దాని వ్యాసార్ధముయొక్క నాలుగవ ఘాతమునకు విలోమముగా నుండునని భౌతికశాస్త్రములో నేర్చుకొందుము. వ్యాసార్ధము అయిదవ వంతు తగ్గినచో నిరోధము రెట్టింపును మించి దాదాపు రెండున్నర రెట్లగును. సగమైనచో పదునాఱు రెట్లగును. కంటి కానని వాపు ఒక బాలుని మంచముమీఁదికిఁ జేర్చుటకుఁ గారణ మిదియే. పై తరగతి విద్యార్థులు ఈ లెక్కను స్వయముగాఁ జేసి చూచుట మంచిది. చేసినవాఁడు ఇంటిలో ఆయాసపడు తమ్ముని చూచి నవ్వఁడు.

ఉబ్బసమనఁగా ఈ గొట్టములు ఎల్లప్పుడును కొంచెము వాచియుండుట. ఆయాసము లేని దినములందును ఆ వాపు పూర్తిగాఁ బోదు. ఈ సంగతి తెలియకపోవుటచేతనే అనేకానర్థములు కలుగుచున్నవి. వాచిన గోడలోని కండరము చిన్న కారణమునకే ముడుచుకొనును: పొగ, దుమ్ము, చల్లగాలి, పరుగు, ఒక్కొక్కప్పుడు నవ్వు గూడ. గోడలోని గ్రంథులు అవసరమునకు మించి జిగురును స్రవించును. గాలి లోనికిఁ బోవుట కంటె బయటికి వచ్చుట కష్టమగును. ఏలయన ఊపిరి విడుచునపుడు గొట్టములు సహజముగానే మఱికొంత యిఱుకగును. ఆ యిఱుకుదారిలో నుండి వచ్చు గాలి చేయు కూఁతయే పిల్లికూత.

ఇన్‌ఫ్లుయెంజా సంగతి వేఱు. అది బయటినుండి వచ్చు శత్రువు. 1933 లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా యను మువ్వురు శాస్త్రజ్ఞులు జ్వరపీడితుల గొంతు కడిగిన నీటిని వడగట్టి, ఫెర్రెట్టు అను ముంగిసవంటి జంతువుల ముక్కులలో వేసి, వానికిని జ్వరము పుట్టించి, మానవుని ఇన్‌ఫ్లుయెంజాకు వైరసు కారణమని నిరూపించిరి. మూఁడేండ్లకు అట్టి జంతువొకటి ఒక యువపరిశోధకుని ముఖమునఁ దుమ్మఁగా అతనికి ఆ జ్వరమే వచ్చెను. శాస్త్రములో ఇంతకంటె తేటయైన సాక్ష్యము దొరకుట అరుదు! ఈ వైరసు మిల్లీమీటరులో పదివేలవవంతు ప్రమాణము గలది. దాని పైతొడుగునందు రెండు విధములైన మొలకలు గలవు. ఒకటి శ్వాసనాళపు కణములను పట్టుకొనుటకు కొక్కెమువలె ఉపయోగించును. రెండవది కణములోఁ బుట్టిన క్రొత్త వైరసులు బయటికి తెగివచ్చుటకు కత్తెరవలె ఉపయోగించును. కణము లోపలఁ బ్రవేశించిన వైరసు కొన్ని గంటలలో వేలకొలఁది పిల్లలను కని ఆ కణమును చంపును. చచ్చిన కణములు నూగుతోఁ గూడ ఊడి రాలిపోవును. పాకీపనివారు పోయిరి, వీధి మాత్రము మిగిలినది.

ఆరోగ్యవంతునికి ఇదియంతయు ఒక వారములో తగ్గుముఖము పట్టును. గోడ మఱల మొలచుటకు కొన్ని వారములు పట్టినను, దారి వెడల్పుగా నున్నది గనుక అతఁడు ఓర్చుకొనఁగలఁడు. ఉబ్బసరోగి విషయమున నట్లు గాదు. అతని దారి ముందే యిఱుకు. గోడ ముందే వాచియున్నది. దానిపై వైరసు చేయు పని ఒకదానివెంట నొకటి యెట్లు వచ్చునో కొంచెము నిదానించి చెప్పెదము.

వైరసు సోఁకిన కణము తక్షణమే ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడిచి ప్రక్కకణములను హెచ్చరించుట శరీరధర్మము. ఊరిలో దొంగలు పడినపుడు మొదటి యింటివాఁడు కేక వేయుటవంటి దిది. ఉబ్బసరోగులలోఁ గొందఱి శ్వాసనాళకణములు ఈ కేకను ఆలస్యముగను, తగ్గుస్వరముతోను వేయునని పరిశోధకులు కనుఁగొనిరి. ఆ యాలస్యములో వైరసు వృద్ధి పొందును. ఇంతలో దెబ్బతిన్న కణములు వేఱొక విధమైన అపాయసూచనలను విడుచును. ఈ సూచనలు ఉబ్బసమును రేపు తెల్లకణములను, ముఖ్యముగా ఇయోసినోఫిల్ అను వానిని, అక్కడికిఁ బిలిచితెచ్చును. అవి విడుచు విషపదార్థములు పురుగులవంటి పెద్ద శత్రువులను చంపుటకుఁ దగినవే గాని, వైరసును పట్టుటకు అంతగాఁ బనికిరావు. దొంగ దొరకఁడు, ఇల్లు మాత్రము తగులఁబడును. గోడ మఱింత రాలును, మఱింత వాచును.

గోడ రాలినచోట క్రిందనున్న నాడుల కొనలు బయలుపడును. అందుచే దగ్గు ఆగదు. కండరము చీటికిమాటికి బిగియును. జిగురు హెచ్చును, దానిని పైకిఁ ద్రోయు నూగు లేదు గనుక అది రాలిన కణములతోఁ గలిసి చిక్కబడి, చిన్న గొట్టములలో బిరడాలవలె బిగుసుకొనును. ఉబ్బసముతో మరణించినవారి ఊపిరితిత్తులను పరీక్షించిన వైద్యులు ఇట్టి బిరడాలనే తఱచుగాఁ గాంచిరి. బిరడా బిగిసిన కొమ్మకు ఆవలనున్న గాలితిత్తులకు క్రొత్తగాలి యందదు. రక్తము అక్కడికిఁ బోయి ప్రాణవాయువు లేకయే తిరిగివచ్చును. సరిగా ఆ సమయముననే శరీరమునకు ప్రాణవాయువు ఎక్కువ కావలసియుండును. ఏలయన జ్వరము ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెరిగినచో శరీరపు ఖర్చు సుమారు పదవవంతు పెరుగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారమువలె అగును.

మూఁడవ యాపద గూడఁ గలదు. నూగు లేని గొట్టములోనికి గొంతులో నుండు సామాన్య సూక్ష్మజీవులు దిగివచ్చి న్యుమోనియాను పుట్టించును. 1918 నాటి మహామారిలో మృతులయినవారిలో అధికసంఖ్యాకులు వైరసుచేతఁ గాక, దానివెంట వచ్చిన ఈ రెండవ వ్యాధిచేతనే కడతేఱిరని తరువాతి పరిశోధనలు చూపినవి.

ఆ 1918 వ సంవత్సరమును మన దేశము మఱవరానిది. యుద్ధమునుండి తిరిగివచ్చు ఓడలతో జ్వరము బొంబాయి రేవులో దిగి, రైలుమార్గముల వెంబడి దేశమంతటను వ్యాపించి, కోటికిఁ బైగా ప్రజలను పొట్టఁబెట్టుకొనెను. 1957 మే నెలలో సింగపూరునుండి మద్రాసు రేవునకు వచ్చిన యొక ఓడతో రెండవ మహామారి మన దేశమునకు దిగినది. 2009 నాటి మహామారి ఓడను నమ్ముకొనలేదు, విమానములో వచ్చినది. మన దేశమున మొట్టమొదట నిర్ధారింపఁబడిన రోగి ఆ యేఁడు మే నెలలో అమెరికానుండి హైదరాబాదున దిగిన ప్రయాణికుఁడే. రేవుపట్టణములలోఁ బుట్టిపెరిగిన మనకు ఈ చరిత్రలో నేర్చుకొనవలసినది కొంత కలదు: ఓడలతో సరకు మాత్రమే దిగదు.

2009 నాటి మహామారిలో ఇంగ్లండు మొదలగు దేశములలో ఆసుపత్రులలోఁ జేరినవారి లెక్కలు తీయఁగా ఒక చిత్రమైన సంగతి బయటపడెను. చేరినవారిలో సుమారు నాలుగవవంతు ఉబ్బసరోగులే. జనసంఖ్యలో ఉబ్బసరోగుల పాలు అంతలేదు గనుక, ఈ జ్వరము వారిని ఎంచి పట్టుచున్నదని తేలినది. అయినను ఆసుపత్రిలోఁ జేరిన పిమ్మట మరణించినవారినిఁ గాని, అత్యవసరచికిత్స పొందినవారినిఁ గాని లెక్కింపఁగా, ఉబ్బసరోగులు తక్కినవారికంటె మేలుగా గట్టెక్కిరి. కారణమేమని విచారించిన వైద్యులకు రెండు సంగతులు దొరికినవి. వారిలోఁ బెక్కుమంది అంతకుముందునుండియే వాపును తగ్గించు పీల్చుమందును నియమముగా వాడుచుండిరి. మఱియు జ్వరము తగిలినతోడనే ఆలస్యము చేయక ఆసుపత్రికి వచ్చిరి. ఈ వ్యాసమంతటిలో తలిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలసిన వాక్యము ఏదియని మమ్ము అడిగినచో ఈ రెండింటిని చూపుదుము.

మన దేశపు లెక్క ఇందుకు విరుద్ధముగా నున్నది. ప్రపంచమందలి ఉబ్బసరోగులలో మన దేశపువారు సుమారు ఎనిమిదవవంతు. ఉబ్బసమరణములలో మన పాలు నూటికి 40 కి మించినదని 2019 నాటి అంచనా. రోగము ఇక్కడ క్రూరము, అక్కడ సౌమ్యము కాదు. మందు వాడకపోవుటయే ముఖ్యమైన భేదము.

ఇన్‌హేలరు పేరు చెప్పినతోడనే మన యిండ్లలో కలుగు భయము మాకుఁ దెలియును. అది పట్టుకొన్నచో వదలదనియు, ముదిరిన రోగులకే యిత్తురనియు, ఆడపిల్ల సంచిలో అది కనఁబడినచో సంబంధములు రావనియు చెప్పుకొనుట వినుచున్నాము. ఈ భయములలో శాస్త్రము లేదు. పీల్చుమందు నేరుగా వాచినచోటికే పోవును గనుక దాని మోతాదు మైక్రోగ్రాములలో నుండును. అదే జాతి మందు మాత్రగా మ్రింగినచో మిల్లీగ్రాములలోఁ గావలయును. అనఁగా జనులు నిర్భయముగా మ్రింగు మాత్రయే వారు భయపడు గొట్టముకంటె ఎన్నో రెట్లు బలమైనది. అయితే పీల్చుమందులు రెండు రకములని తెలిసికొనవలెను. ఒకటి బిగిసిన కండరమును నిమిషములలో సడలించును. ఆయాసము తగ్గును గాని వాపు తగ్గదు. రెండవది వాపును తగ్గించును. ఫలము కనఁబడుటకు దినములు, వారములు పట్టును. వెంటనే సుఖమిచ్చుదానిని మెచ్చుకొని, నిదానముగా మేలుచేయుదానిని మూలఁ బెట్టుట మనుష్యస్వభావము. మొదటిదానిని ఒంటరిగా వాడుట క్షేమము కాదని 2019 నుండి అంతర్జాతీయ ఉబ్బసవైద్యసంఘమువారు స్పష్టముగాఁ జెప్పుచున్నారు. చిన్నపిల్లలకు ఇన్‌హేలరును సూటిగా నోటఁ బెట్టినచో మందు చాలవఱకు నాలుకమీఁదనే నిలిచిపోవును. నడుమ స్పేసరు అను బోలుగొట్టము ఉండవలెను. దానిని కొనలేనివారు అరలీటరు ప్లాస్టిక్కు సీసా అడుగున ఇన్‌హేలరునకు సరిపోవు రంధ్రము చేసి వాడినను దాదాపు అంతే మేలు కలుగునని పరీక్షలలోఁ దేలినది. ఎట్లు చేయవలెనో వైద్యుని యొద్దనే చూచి నేర్చుకొనవలెను.

మృగశిరకార్తె నాఁడు హైదరాబాదులో బత్తిని వంశమువారు ఉచితముగా వేయు చేపమందునకై వేలకొలఁది జనులు పోవుట అందఱు నెఱిఁగినదే. వారి ధర్మబుద్ధిని మేము తక్కువ చేయము. కాని ఆ మందు ఉబ్బసమును తగ్గించునని పరీక్షలవలన రుజువు కాలేదు. దానిని నమ్ముకొని పోవువారు వైద్యుఁడిచ్చిన పీల్చుమందును మానరాదు. జూను నెలలో ఆ జనసమ్మర్దమున నిలుచుటయే జ్వరము అంటుకొనుటకుఁ జాలునని కూడ గుర్తింపవలెను.

మన విశాఖపట్టణమునకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. దక్షిణమున యారాడకొండలు, ఉత్తరమున కైలాసగిరి, సింహాచలముల కొండవరుస. నడుమ మూకుడువంటి పల్లములో పట్టణము. 1933 లో రేవు తెఱవఁబడినది. పిమ్మట చమురుశుద్ధి కర్మాగారమును, 1992 లో జాతికి అంకితము చేయఁబడిన ఉక్కుకర్మాగారమును, మఱి యెన్నియో పరిశ్రమలును వచ్చినవి. వీనివలననే వేలకుటుంబములు అన్నము తినుచున్నవి. మా విద్యార్థులలోఁ బెక్కండ్ర తండ్రులు అక్కడి పనివారే. కాని రేవున దిగు బొగ్గు, ఎగుమతియగు ఇనుపఖనిజము, లారీల పొగ, వీని దుమ్ము గాలిలోఁ గలియుచున్నదనుట జ్ఞానాపురము, పాతపట్టణము వాసులకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు. ఆఱవేసిన తెల్లబట్టలే చెప్పును. నీళ్లు చల్లుటయు, చెట్లు పెంచుటయు జరుగుచున్నవి. చాలినవని ఆ వీధులవారు అనుకొనుట లేదు. చలికాలపు రాత్రులలో నేల నంటిన గాలి చల్లబడి బరువెక్కి పైకి లేవదు. కొండలు అడ్డగింపఁగా దుమ్ము మూకుడులోనే నిలుచును. ఇందులో కంటికిఁ గనఁబడు పెద్దరేణువులు ముక్కులోనే చిక్కును. తలవెండ్రుకలో ఇరువదియైదవవంతు మందమైనను లేని సూక్ష్మరేణువులే గాలితిత్తులవఱకు దిగి, అక్కడ కావలియున్న కణములను మందగింపఁజేయును. అట్టి ఊపిరితిత్తికి వైరసు సోఁకినపుడు అది రెండు యుద్ధముల నొక్కమాఱు చేయవలసివచ్చును.

ఇట్టి తీవ్రమైన ఆయాసములు మాటిమాటికి వచ్చినచో పిల్లవానికి తాత్కాలికమైన బాధ మాత్రమే కాదు. గొట్టములగోడలు మానుచు మానుచు గట్టిపడి, శాశ్వతముగా ఇఱుకగుట కలదు. ఊపిరితిత్తులబలము సుమారు ఇరువదియేండ్ల వఱకును పెరుగుచుండును; పాఠశాలలో నున్న దినములలోఁ గలిగిన నష్టము పెద్దయైన పిమ్మట తీఱునది కాదు. వాపు తగ్గించు మందును నియమముగాఁ బీల్చువారిలో ఈ నష్టము తక్కువయని పరిశోధనలు చెప్పుచున్నవి.

ఇన్‌ఫ్లుయెంజాకు టీకా కలదు. వైరసు ఏటేట వేషము మార్చుకొనును గనుక టీకాయు ఏటేట మార్చి వేయుదురు. వేయించుకొన్న రెండు వారములకు రక్షణ కలుగును. అది పూర్ణరక్షణ కాదు. అయినను రోగతీవ్రతను తగ్గించును. మన ప్రాంతమున జ్వరములు వానకాలమున హెచ్చును గనుక వేసవిసెలవులలోనే వైద్యుని అడిగి వేయించుట యుక్తము. జ్వరము తగిలినచో ఒసెల్టామివిర్ అను మందు మొదటి 48 గంటలలో మొదలిడినపుడే చక్కగాఁ బనిచేయును. అందుచే ఉబ్బసము గల పిల్లవానికి జ్వరమువచ్చినపుడు మూఁడవనాఁటివఱకు వేచియుండి చూచుట తగదు. పిల్లలకు ఈ జ్వరములో ఆస్పిరిన్ ఈయరాదు. కాలేయమును, మెదడును చెఱచు రేయ్ వ్యాధి దానివలనఁ గలుగవచ్చును.

మాట మధ్యలో ఆఁగి ఊపిరి తీసికొనుచున్నను, డొక్కలు లోనికిఁ బోవుచున్నను, పెదవులు నీలివర్ణము దాల్చినను, కండరము సడలించు మందు పీల్చినను గంటలలోనే మఱల ఆయాసము వచ్చినను, ఇంటివైద్యము చేయుచుఁ గూర్చుండక ఆసుపత్రికిఁ గొనిపోవలెను. 1923 నుండి మనకుఁ గల కింగు జార్జి ఆసుపత్రియు, వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రియు ఇందుకై యున్నవి. ఒక హెచ్చరిక: అంతవఱకు వినవచ్చిన పిల్లికూత ఆయాసము తగ్గకుండఁగనే అకస్మాత్తుగా ఆఁగిపోయినచో గుణమిచ్చినదని సంతోషింపరాదు. కూఁత కూయుటకైనను గాలి ఆడుట లేదని దాని యర్థము.

ఉబ్బసము గల పిల్లల తలిదండ్రులు ఆ సంగతిని తరగతి ఉపాధ్యాయునకు వ్రాసి తెలియఁజేసి, ఇన్‌హేలరును పుస్తకములసంచిలోనే పెట్టి పంపవలెనని కోరుచున్నాము. దాఁచిపెట్టి పంపినచో మాకును తెలియదు, ప్రక్కబల్లమీఁది స్నేహితునికిని తెలియదు.